మాడు అమ్మది

మా ఇంట్లో మాడు అమ్మది. అలా అని ఎవరూ రాసిపెట్టలేదు. కోడికూరలో కాలు ముక్క తమ్ముడిది, పెరుగు మీద మీగడ నాన్నది, కొత్తావకాయ కలిపిన బేసిన్‌లో ఆఖరి ముద్ద నాది అయినట్టే, అన్నం గిన్నె అడుగున అంటుకుని ఎర్రగా తిరిగిన ఆ పొర అమ్మది. అందరి భోజనాలూ అయ్యాక వంటింటి గుమ్మం దగ్గర కూర్చుని, అట్లకాడతో దాన్ని గీకి, మజ్జిగ పోసుకుని, ఉప్పుకల్లు వేసుకుని తినేది. ఆ గరగర చప్పుడు వినపడిందంటే ఇంట్లో అందరి కడుపులూ నిండినట్టే. మేము ఎప్పుడైనా చెయ్యి చాపితే అమ్మమ్మ కసిరేది: "గిన్నె అడుగు తింటే పెళ్ళిలో వాన పడుతుంది!" దాంతో మేము వెనక్కి తగ్గేవాళ్ళం. అమ్మకు పెళ్ళయిపోయింది కనుక ఆమెకు ఆ భయం లేదని అనుకునేదాన్ని.

ఆ మాడును ఇంటిల్లిపాదీ ఒకే గిన్నెలోంచి గీక్కుని తిన్న రోజు ఒకటుంది. అది మా ఊళ్ళో కాదు. స్పెయిన్‌లో, వలెన్సియా నగరానికి దక్షిణంగా, ఎల్ పల్మార్ అనే పల్లెలో, ఎనిమిది బల్లలున్న ఒక చిన్న హోటల్లో.

2017 సెప్టెంబరు. అప్పటికి మావారి ఉద్యోగం వల్ల మేము వలెన్సియాకు వచ్చి రెండేళ్ళు. బాబుకు ఆరేళ్ళు. అమ్మానాన్నలకు అదే మొదటి విమానం, మొదటి వీసా, మొదటి చలికోటు. ఆ చలికోటు పెట్టెలోంచి బయటికే రాలేదు. సెప్టెంబరులో అక్కడ మన ఎండలే.

మాది కైకలూరు దగ్గర, కొల్లేటి అంచున ఒక ఊరు. నాన్న నలభై ఏళ్ళు వరి పండించాడు. సార్వాకు స్వర్ణ, దాళ్వాకు ఏ రకం దొరికితే ఆ రకం. ఊళ్ళో తూము దగ్గర వంతు నీళ్ళ తగవు వచ్చిందంటే ముందు నాన్నకే కబురు వచ్చేది. అలాంటి మనిషి మా మూడో అంతస్తు ఇంట్లో మాట లేకుండా అయిపోయాడు. పాలవాడు లేడు, పేపరు చదవలేడు, ఎదురింటాయన "ఓలా" అంటే ఏమనాలో తెలియదు. రోడ్డు దాటాలన్నా మా బాబు చెయ్యి పట్టుకునేవాడు. బాబు స్పానిష్‌లో తాతయ్యకు కాఫీ అడిగి తెచ్చేవాడు. నాకు అది ముచ్చటగా ఉండేది. నాన్నకు ఎలా ఉండేదో అప్పుడు నేను ఆలోచించలేదు.

రోజూ పొద్దున్నే తూరియా తోటలో నడకకు వెళ్ళేవాడు. పేరుకు తూరియా నది, చూస్తే చెట్లూ ఆటస్థలాలూ. మొదటిరోజు తిరిగొచ్చి, "వంతెనలు ఉన్నాయి, కింద నది ఏదీ?" అని అడిగాడు. 1957 అక్టోబరులో వచ్చిన వరదకు నగరం మునిగిపోతే, నదిని ఊరికి దక్షిణంగా మళ్ళించి, పాత నదీగర్భాన్ని తర్వాత తోటగా మార్చారని చెప్పాను. నాన్న చాలాసేపు ఊరుకుని, "నదిని మళ్ళించారా!" అన్నాడు. ఆ రోజుకు అదే మాట.

ఒక గురువారం నీళ్ళ పంచాయితీకి తీసుకెళ్ళాను. వలెన్సియా కెథడ్రల్‌లో అపోస్తలుల ద్వారం ముందు ప్రతి గురువారం మధ్యాహ్నం పన్నెండింటికి ఇది జరుగుతుంది. తూరియా నీళ్ళు పంచుకునే ఎనిమిది కాలువల రైతు ప్రతినిధులు నల్లని చొక్కాలు తొడుక్కుని గుండ్రంగా కూర్చుంటారు. కాగితం లేదు, కలం లేదు, వకీలు లేడు. అంతా నోటిమాటే. వందల ఏళ్ళ నుంచి నడుస్తున్న ఈ పద్ధతిని 2009లో యునెస్కో గుర్తించింది. ఆ రోజు ఒక్కో కాలువ పేరూ పిలిచారు, ఫిర్యాదు ఎవరిదీ లేదు, కొద్ది నిమిషాల్లో లేచి వెళ్ళిపోయారు. చూడటానికి వచ్చినవాళ్ళంతా నిరాశపడ్డారు. నాన్న ఒక్కడే సంతోషించాడు. "తగవు లేదంటే నీళ్ళు అందుతున్నట్టేగా" అన్నాడు. ఆ మాట విన్నాకే ఆదివారం ఎక్కడికి వెళ్ళాలో నాకు తోచింది.

నగరం నుంచి ఎల్ పల్మార్‌కు సిటీ బస్సు ఉంది. ఎర్ర బస్సు. ఊరు దాటి, పైన్ చెట్లు దాటాక, ఒక మలుపులో రెండు పక్కలా ఒక్కసారిగా వరిచేలు. కోతకొచ్చిన చేలు, కనుచూపుమేర పసుపు. మధ్యమధ్యలో కోసిన మళ్ళలో కొంగలు. నాన్న కూర్చున్న సీట్లోంచి లేచి నిలబడ్డాడు. బస్సు కదులుతున్నా సరే, కడ్డీ పట్టుకుని, మెడ వంచి కిటికీలోంచి చూస్తూనే ఉన్నాడు. "చేను పడలేదు. బాగా కాపాడుకున్నారు" అన్నాడు. రెండు వారాల్లో నాన్న గొంతు అంత గట్టిగా పలకడం అదే మొదటిసారి.

ఎల్ పల్మార్ ఒకప్పుడు దీవి. అల్బుఫేరా అనే పెద్ద మంచినీటి సరస్సు ఒడ్డున ఉంటుంది. ఆ పేరు అరబ్బుల నుంచి వచ్చింది, 'చిన్న సముద్రం' అని అర్థం. ఇక్కడ వరిని పెంచి పోషించింది కూడా వాళ్ళే. సరస్సు చుట్టూ మన కొల్లేటిలో లాగే కిక్కిస. ఊరి కాలువలో నల్లటి చెక్క పడవలు. అమ్మ బస్సు దిగగానే అటూ ఇటూ చూసి, "ఏ ఊరికొచ్చామే? లంక గ్రామంలా ఉంది" అంది.

వలెన్సియావాళ్ళ పేరుపడ్డ అన్నం వంటకం పాయెయా. దాన్ని వండించుకోవాలంటే ముందే చెప్పాలి. మంచి చోట అప్పటికప్పుడు దొరకదు. వలెన్సియా నడిబొడ్డున, పర్యాటకులు తిరిగే వీధుల్లో బొమ్మలు అంటించిన బోర్డులు పెట్టి, పచ్చగా రంగు వేసి, రొయ్యలు పేర్చి రాత్రిపూట కూడా అమ్ముతారు. ఆ ఊరివాళ్ళు మాత్రం దాన్ని మధ్యాహ్నమే తింటారు, అందునా ఆదివారం మధ్యాహ్నం ఇంటిల్లిపాదితో. పాయెయా అన్నది అసలు వంట పేరు కాదు, గిన్నె పేరు. లోతు లేకుండా, వెడల్పుగా, రెండు పక్కలా చెవులున్న ఇనుప బాణలి అది. లాటిన్‌లో 'పతెల్లా' అంటే పళ్ళెం, అందులోంచి వచ్చిన మాట. బాణలి పేరే అన్నానికి స్థిరపడింది.

మేము పన్నెండున్నరకే చేరాం. హోటల్ నడిపే ఆవిడకు అమ్మ వయసే ఉంటుంది. పొట్టిగా, గట్టిగా, నడుముకు గళ్ళ గుడ్డ చుట్టుకుని ఉంది. భోజనం రెండున్నరకు అంది. నాన్న పన్నెండున్నరకు తినే మనిషి. ఏం చేయాలో తెలియక నేను దిగులుపడుతుంటే, మూల బల్ల దగ్గర కూర్చున్న ఒక ముసలాయన నాన్ననే చూస్తున్నాడు. ఆవిడ తండ్రి. నాన్న బస్సు దిగిన చోట గట్టు మీద రాలిన ఒక వరి కంకిని తీసి జేబులో పెట్టుకున్నాడు. అది జేబులోంచి తొంగి చూస్తోంది. ఆయన దాన్ని వేలితో చూపించాడు. నాన్న బయటికి తీశాడు. ఒక గింజ ఒలిచి పళ్ళ మధ్య పెట్టి కొరికాడు. టక్ మంది. ఆయన కూడా ఒకటి ఒలిచి కొరికాడు. తలూపాడు. అంతే, మొదలైంది.

నేను మధ్యలో కూర్చుని తర్జుమా చేస్తూ పోయాను. ఆ ముసలాయనకు ఎనభై దాటాయి. కుటుంబమంతా వరి రైతులు, చేపలు పట్టేవాళ్ళు. నాన్న మొదటి ప్రశ్న రైతు ఎవరైనా అడిగేదే: ఎకరానికి ఎన్ని బస్తాలు? అక్కడ ఎకరం లేదు, 'అనెగాదా' ఉంది. అంటే 831 చదరపు మీటర్లు. నేను ఫోన్లో లెక్క కట్టేలోపే నాన్న, "మన ఇరవై సెంట్లు అన్నమాట" అన్నాడు. ఏడాదికి ఒకటే పంట. మేలో విత్తనం వెదజల్లుతారు, సెప్టెంబరులో కోస్తారు. కోత అయ్యాక చేలను శీతాకాలమంతా నీళ్ళ కింద ఉంచేస్తారు, బాతులూ పక్షులూ వచ్చి వాలతాయి. నీళ్ళు తీసేముందు ట్రాక్టరుకు ఇనుప చక్రాలు కట్టి, మోళ్ళతో సహా బురదను కలియదున్నుతారట. నేను ఆ మాటకు తెలుగు వెతుక్కుంటూ ఉంటే నాన్న చేతులతో చక్రం తిప్పి చూపించి, "దమ్ము! దమ్ము చేస్తారు!" అన్నాడు. ముసలాయన కూడా చేతులు తిప్పి, "దమ్, దమ్" అన్నాడు. ఆ మాట ఆయనకు ఎందుకో చాలా నచ్చింది. ఆ మధ్యాహ్నమంతా అంటూనే ఉన్నాడు.

బొంబా అనే రకం గురించి ఆయన చాలాసేపు చెప్పాడు. కురచ గింజ, గుండ్రంగా ముత్యంలా ఉంటుంది, నడుమ తెల్లటి మచ్చ. నీళ్ళు ఎక్కువ తాగుతుంది, అయినా మెత్తబడి చితికిపోదు. కానీ మొక్క పొడుగు. గాలికి పడిపోతుంది. దిగుబడి తక్కువ. ధర మాత్రం ఎక్కువ. "మా చిన్నప్పటి రకాలూ అంతే. రుచి ఉన్నదే పడిపోయేది" అన్నాడు నాన్న. నేను తర్జుమా చేస్తే, ఆయన నాన్న భుజం మీద చెయ్యి వేశాడు.

తర్వాత నాన్న గ్లాసులో నీళ్ళతో వేలు తడిపి, బల్ల మీద పరిచిన కాగితంపై కొల్లేరు గీశాడు. బుడమేరు ఇటు నుంచి, తమ్మిలేరు అటు నుంచి. సముద్రానికి ఒక్కటే దారి, ఉప్పుటేరు. ఆయన పక్కనే అల్బుఫేరా గీశాడు. సముద్రానికి మూడు దారులు, వాటిని 'గోలా' అంటారు. తలుపులు వేసీ తీసీ నీటిమట్టం నిలుపుతారు. వాళ్ళ తాతలు పడవలతో మట్టి తెచ్చి సరస్సు అంచుల్ని పూడ్చి చేలు చేశారట. మావాళ్ళు గట్లు పోసి చేపల చెరువులు చేస్తే 2006లో ప్రభుత్వం వాటిని కొట్టించిందని నాన్న చెప్పాడు. ఆ సరస్సు వలెన్సియా నగరపాలక సంస్థదనీ, 1911 చట్టంతో దేశం దగ్గర నగరం కొనుక్కుందనీ ఆయన చెప్పాడు. సరస్సును మునిసిపాలిటీ కొనుక్కోవడమేమిటని నాన్న రెండుసార్లు అడిగాడు. కాగితం మీద రెండు చెరువులూ ఆరిపోయేదాకా వాళ్ళు మాట్లాడుతూనే ఉన్నారు. కొంతసేపటికి నేను అక్కడ లేకపోయినా ఫరవాలేదని అర్థమై లేచాను.

అమ్మ అప్పటికే పెరట్లో ఉంది. పొయ్యి దగ్గర. కట్టెల పొగ వాసన తగలగానే తనంతట తానే వెళ్ళిందట. నారింజ కట్టెలు. చుట్టుపక్కల అన్నీ నారింజ తోటలే కదా, కత్తిరించిన కొమ్మలే వంటచెరకు. ముక్కాలి పీట మీద మూరెడు వెడల్పు బాణలి. నూనెలో కోడి ముక్కలు, కుందేలు ముక్కలు ఎర్రగా వేగుతున్నాయి. అమ్మ నన్ను చూసి మెల్లగా, "కుందేలట" అంది. మా బాబు వింటాడని ఆమె భయం.

అసలైన వలెన్సియా పాయెయాకు పది వస్తువులే అని ఆ నేల మీద గట్టి పట్టుదల. కోడి, కుందేలు, వెడల్పాటి పచ్చి చిక్కుడుకాయలు, గర్రొఫో అనే పెద్ద తెల్లని గింజలు, టమాటా, ఆలివ్ నూనె, కుంకుమపువ్వు, ఉప్పు, నీళ్ళు, బియ్యం. ఈవిడ ఒక చెంచా కారం లేని మిరపపొడి కూడా వేసింది. అమ్మ వరసగా అడిగింది: ఉల్లిపాయ? లేదు. అల్లం వెల్లుల్లి? లేదు. మసాలా? లేదు. చివరికి, "మరి రుచి ఎక్కడినుంచి వస్తుందో అడుగు" అంది. నేను అడిగాను. ఆవిడ బాణలి అడుగును చూపించింది. ముక్కలు వేగి అంటుకున్న ఆ గోధుమరంగు మరకలోంచే అంతా వస్తుందట. అమ్మ ఆ జవాబును ఒప్పుకుంది.

నీళ్ళు పోసి మరిగించాక, బియ్యాన్ని బాణలి మధ్యగా ఈ చెవి నుంచి ఆ చెవి దాకా ఒక గట్టులా పోసింది. నీళ్ళ పైకి గట్టు కొద్దిగా తేలితే బియ్యం సరిపోయినట్టని లెక్క. మా అమ్మ బియ్యం మీద వేలు పెట్టి, కణుపు దాకా నీళ్ళు కొలుస్తుంది. ఇద్దరూ ఒకరి కొలత ఒకరికి చూపించుకున్నారు. గట్టును చెదరగొట్టి సర్దాక ఇక గరిటె పెట్టకూడదు. మొదటి పది నిమిషాలు పెద్ద మంట, తర్వాత కట్టెలు పక్కకు లాగి చిన్న మంట. అన్నం మందం అర అంగుళం కూడా లేదు.

నీళ్ళు ఇంకిపోయాయి. ఆవిడ కట్టెల్ని మళ్ళీ లోపలికి తోసింది. అమ్మ ఉలిక్కిపడింది. "ఇగిరిపోయింది కదా, మళ్ళీ మంట ఎందుకు? దించమను." బాణలిలో చిటపటలు మొదలయ్యాయి. "అడుగంటుతోందే, చెప్పు! వాసన వస్తోంది!" అంటూ నా చెయ్యి గిల్లింది. నేను చెప్పాను: మా అమ్మ మాడిపోతోందని అంటోంది. ఆవిడ నవ్వి, వేలు చెవి దగ్గర పెట్టుకుని, వినమన్నట్టు సైగ చేసింది. ముగ్గురం బాణలి మీదికి వంగాం. చిటపటలు చిక్కబడ్డాయి, తర్వాత సన్నబడ్డాయి. ఆవిడ ఒక్క ఊపులో చెవులు పట్టి బాణలి దించింది. అదే క్షణంలో అమ్మ నోట "ఇప్పుడు" అన్న మాట వచ్చింది. తెలుగులోనే అంది. ఆవిడ అర్థం చేసుకుని అమ్మ చెంప తట్టింది.

"సొకర్రాత్" అంది ఆవిడ. అడుగున కట్టే పొరకు అక్కడి పేరు. అమ్మకు నేను చెప్పిన తెలుగు ఒక్కటే మాట: మాడు. అది కావాలనే తెప్పిస్తారు, అది రాకపోతే వంట కుదరనట్టే అని కూడా చెప్పాను. అమ్మ నన్ను నమ్మలేదు. అమ్మ కాపురంలో మాడంటే ఆదమరుపు. బియ్యం నష్టం. అత్తగారి కంట పడకుండా గీకేయాల్సిన తప్పు.

బాణలిని తెచ్చి బల్ల నడుమ పెట్టారు. కంచాలు లేవు. తలా ఒక కొయ్య చెంచా. ఎవరి ముందున్న భాగం వాళ్ళది, అంచు నుంచి మధ్యకు ముక్కోణంలా తింటూ పోవాలి, పక్కవాళ్ళ గట్టు దాటకూడదు. వద్దనుకున్న ముక్కను మధ్యకు తోస్తే కావలసినవాళ్ళు తీసుకుంటారు. అమ్మ చెంచా పట్టుకుని ఆగిపోయింది. ఎంగిలి. అల్లుడి ముందు, ఒకే గిన్నెలో. మావారు మొహమాటపడి, "అత్తయ్యగారికి వేరే ప్లేటు అడగనా?" అన్నారు. అప్పుడు నాన్న, "కళ్ళంలో మేమందరం ఒకే బేసిన్‌లో తినేవాళ్ళం కాదూ? ఇదీ పొలంలో కూలీల తిండేనట, ఇప్పుడే పెద్దాయన చెప్పాడు" అంటూ తన ముక్కోణంలో చెంచా దించాడు. అమ్మ కుందేలు ముక్కలు రెండింటినీ మధ్యకు తోసి, తన వైపు అన్నం కొద్దిగా తీసుకుని నోట్లో పెట్టుకుంది.

ఆ రుచి గురించి నేను ఎక్కువ చెప్పలేను. కారం లేదు, ఘాటు లేదు. మొదటి చెంచాకు చప్పగా ఉందనిపిస్తుంది. నాలుగో చెంచాకు గింజ గింజలో పొగ, కుంకుమపువ్వు, కోడి వేగిన వాసన తెలుస్తాయి. అన్నమే కూర అయిపోయిన అన్నం అది. కూర కలుపుకోవడానికి అన్నం వండే మాకు అది కొత్త. నాన్న పచ్చడి అడగలేదు. అంతకంటే చెప్పాల్సింది లేదు.

మెత్తటి అన్నం అయిపోయింది. బాణలి అడుగున నల్లగా, ఎర్రగా, మెరుస్తూ ఆ పొర మిగిలింది. మేమంతా చెంచాలు కింద పెట్టేశాం, తినడం అయిపోయిందనుకుని. అమ్మ అలవాటుగా బాణలిని తన వైపు లాక్కుంది. ఇంతలో ఆవిడ పరుగున వచ్చి, అమ్మ చేతిలో ఒక ఇనుప గరిటె పెట్టి, అందరి వైపూ చెయ్యి తిప్పుతూ గట్టిగా ఏదో అంది. పెద్దావిడవు నువ్వు, నువ్వే గీకి అందరికీ పంచాలి, అందరూ ఎదురుచూసేది దీని కోసమే అని.

అమ్మ గీకింది. అదే గరగర. నా చిన్నప్పటి మధ్యాహ్నాల చప్పుడు. ఒక పెచ్చు మా బాబుకు, ఒకటి నాకు, ఒకటి అల్లుడికి, ఒకటి నాన్నకు. నాన్న నోట్లో వేసుకుని నమిలాడు. కరకరలాడింది. మింగి, అమ్మ వైపు చూసి అన్నాడు:

"ఇన్నేళ్ళూ ఇది నువ్వొక్కదానివే తిన్నావా?"

"మీరెప్పుడు అడిగారు?" అంది అమ్మ.

బల్ల మీద ఎవరూ మాట్లాడలేదు. అమ్మ ముఖంలో నిష్ఠూరం లేదు. అడిగినదానికి జవాబు చెప్పింది, అంతే. నాన్న ఇంకో పెచ్చు కోసం చెయ్యి చాపాడు. అమ్మ పెద్దది చూసి పెట్టింది.

అప్పుడు నేను బాబుకు మా అమ్మమ్మ మాట చెప్పాను, గిన్నె అడుగు తింటే పెళ్ళిలో వాన అని. వాడు వెంటనే, "అమ్మమ్మా, నీ పెళ్ళిలో వాన పడిందా?" అన్నాడు. జవాబు నాన్న చెప్పాడు. "పడిందిరా. వైశాఖమాసం, మండుటెండలు. తాళి కట్టే వేళకు ఎక్కడినుంచి వచ్చిందో కుండపోత. పందిరి ఒరిగిపోయింది." అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది. ఆ పెళ్ళి ముచ్చట నాకు అంతకుముందు తెలియదు. పుట్టింట్లో ఉన్నప్పటినుంచే ఆమె మాడు తినేదనీ నాకు తెలియదు. ఎవరూ తినరని తినేదని ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఇష్టంగా తినేది కూడా. ఆ రెండూ ఒకే మనిషిలో ఉండవచ్చని నాకు తోచలేదు.

సాయంత్రం పడవ ఎక్కాం. సూర్యుడు సరస్సులోకి దిగుతుంటే అందరూ ఫోటోలు తీసుకున్నారు. నాన్న మాత్రం పడవవాణ్ణి నీటి లోతు అడగమన్నాడు. లోతు తక్కువే, మనిషి నిలబడవచ్చని తెలిసి తృప్తిపడ్డాడు. కొల్లేరూ అంతే కదా.

వెళ్ళేముందు అమ్మ వలెన్సియా సెంట్రల్ మార్కెట్ పక్క వీధిలో ఒక బాణలి కొనుక్కుంది. మూరెడు వెడల్పుది. పెట్టెలో పట్టక, చీరలో చుట్టి చేతిసంచీలో పెట్టి ఊరికి తీసుకెళ్ళింది. మొదటి వానాకాలానికే తుప్పు పట్టింది. కడిగి ఆరబెట్టి నూనె రాయాలని నేను చెప్పడం మర్చిపోయాను. అమ్మ చింతపండుతో తోమి, నువ్వులనూనె రాసి మళ్ళీ దారికి తెచ్చుకుంది. అందులో పాయెయా ఎప్పుడూ వండలేదు. కుంకుమపువ్వు కోసం ఖర్చు దండగ అంటుంది. నాటుకోడి పులావు వండుతుంది, అల్లం వెల్లుల్లితో, మసాలాతో, పచ్చిమిర్చితో. పది వస్తువుల పట్టుదల ఉన్నవాళ్ళు చూస్తే ఏమంటారో కానీ, ఆఖరున మంట పెంచి, చెవి పెట్టి వినడం మాత్రం మానదు. సంక్రాంతికి అందరం కలిసినప్పుడు గీకి పంచుతుంది. నాన్న కంచం ముందుకు తోస్తాడు. 2021లో వలెన్సియా ప్రాంత ప్రభుత్వం పాయెయాను తన సాంస్కృతిక వారసత్వంగా ప్రకటించిందని చదివి ఇంటికి ఫోను చేస్తే, నాన్న ఆ కబురును అరుగు మీద కూర్చున్నవాళ్ళందరికీ చెప్పాడట.

మేము 2019లో హైదరాబాద్ వచ్చేశాం. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలో ఇళ్ళు మునిగాయి. ఆ నీళ్ళే కొల్లేటికి చేరి మావైపు లంక గ్రామాల దారులన్నీ మూసేశాయి. అమ్మావాళ్ళు కొన్ని రోజులు మేడ మీదే వండుకున్నారు. ఇంకా ఆ తడి ఆరిందో లేదో, అక్టోబరు 29న వలెన్సియా దక్షిణాన వరద. 220 మందికి పైగా చనిపోయారు. కార్లు వీధుల్లో కట్టెపుల్లల్లా గుట్టలు పడ్డ బొమ్మలు టీవీలో అమ్మ చూసింది. వెంటనే ఫోను. "మనం వెళ్ళిన ఊరేనా? ఆ పొయ్యి దగ్గరావిడ ఎలా ఉందో కనుక్కో. ఇప్పుడే."

హోటల్ కార్డు నా దగ్గర ఇంకా ఉంది. రెండు రోజులు ప్రయత్నిస్తే మూడోరోజు ఎత్తింది. నా స్పానిష్ తుప్పు పట్టిపోయింది, కానీ 'దమ్' అనగానే గుర్తుపట్టింది. వాళ్ళ ఊళ్ళోకి నీళ్ళు రాలేదట. పంట అప్పటికే ఇల్లు చేరింది. ఎగువ ఊళ్ళలోంచి కొట్టుకొచ్చిన సామానంతా సరస్సులోకి చేరింది, బంధువుల ఇళ్ళు పోయాయి. తండ్రి అంతకు రెండేళ్ళ ముందే వెళ్ళిపోయాడట. బురద ఎత్తిపోయడానికి వచ్చిన పిల్లలకు రోజూ వండి పంపుతున్నామని చెప్పింది. ఎక్కువసేపు మాట్లాడలేకపోయింది, పొయ్యి మీద అన్నం ఉందంది.

అమ్మకు అంతా చెప్పాను. ముసలాయన కబురు విని నాన్న ఫోను అమ్మకు ఇచ్చేసి అవతలికి వెళ్ళాడు. అమ్మ కాసేపు ఊరుకుంది. తర్వాత అడిగింది.

"అంతమందికంటే ఎంత బాణలి పెట్టి ఉంటుందే? అంత పెద్దదానికి మాడు సరిగ్గా వస్తుందా? ఈసారి చేసినప్పుడు అడుగు."

అడిగాను. వస్తుందట. చెవి ఇంకాస్త దగ్గరగా పెట్టాలట.